అరచేతి గ్రంథము - పరిచర్యా ధర్మము

మన సంఘమునందలి కుటుంబములలో పరిచారిక వృత్తి నవలంబించిన ఆడుబిడ్డలు తక్కువగా లేరు. కోలారు, బళ్ళారి ప్రాంతములందు గాని, హోసూరు పల్లెలందు గాని, గంజాము, కోరాపుట్టు కొండలందు గాని, షోలాపురపు నేతవాడలందు గాని, యానాములో గాని, సంచి భుజమునకు తగిలించుకొని ఇంటింటికి పోవు నర్సమ్మను ఎరుగని తెలుగు ఇల్లుండదు. వారిలో కొందరు మన బిడ్డలే. కొందరు మన భాష నెరుగని ఇరుగుపొరుగు వారి బిడ్డలు. ఆ సంచిలో వెనుకటికి దూది, కత్తెర, థర్మామీటరు, రక్తపోటు చూచు పరికరము ఉండెడివి. నేడు వానితోపాటు ఒక సెల్‌ఫోనో, పలకవంటి ట్యాబో చేరినది. నర్సమ్మ రోగి యెదుట కూర్చుండును, నాడి చూచును, నాలుగు ప్రశ్నలడుగును, పిమ్మట ఆ పలకను తీసి చూచుకొనును. ఈ చూచుకొనుటను గురించియే మన యిండ్లలో వాదము పుట్టినది.

“చదువుకొని వచ్చిన పిల్ల కాదా? మందు మోతాదు కూడ ఫోనులో చూడవలెనా?” అని పెద్దమ్మలందురు. “ఏమియు తెలియని పిల్లను మన వీధికి పంపినారు” అని తాతలు గొణుగుదురు. ఇంటి యువకులు ఊరకుండక, “యంత్రము తప్పు చెప్పదు, మనిషియే తప్పు చెప్పును” అని ఎదురు పలుకుదురు. ఈ రెండు పక్షములలో దేనితోను మాకు పూర్తి అంగీకారము లేదు. జ్ఞానము మనిషియందే యుండవలెనా, చేతిలోని వస్తువునందున్నను చాలునా? ఆ వస్తువు చెప్పిన మాట విని చేసిన పనికి బాధ్యులెవరు? ఇవి అరుగుమీద పొద్దుపుచ్చుటకు వేసికొను ప్రశ్నలు కావు. మంచములో నున్నది మన బిడ్డయే యగునపుడు వీనికి జవాబు కావలసియుండును.

మన దేశమున చిరకాలము విద్య యనగా కంఠస్థవిద్యయే. వేదము మొదలు ఎక్కాల వరకు నోటికి రానిది రానట్లే లెక్క. పుస్తకములోని చదువును, పరుల చేతిలోని సొమ్మును సమయమునకు అక్కరకు రావని చెప్పు పాత నీతిని వినని వారుండరు. ఆ నీతి పుట్టిననాడు పుస్తకమనగా తాటియాకుల కట్ట. అది గుడ్డలో చుట్టి అటకమీద నుండును. రోగి పొలము గట్టున పడియుండును. అంత దూరమున నున్న పుస్తకము అక్కరకు రాకపోవుటలో వింత లేదు. పుస్తకమే రోగి ప్రక్కకు నడచివచ్చిన నాడు ఆ నీతిలో సగము బలము తగ్గును. తగ్గని సగమొకటి కలదు. దానిని గురించి తరువాత చెప్పెదము.

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకుని వైద్యుని నీడగా విడువక ఒక పాదముగా నిలిపినందుకే ఆ గ్రంథమునకు నమస్కరింపవలెను. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు చెప్పబడినవి. పరిచారకునకు ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగి యెడ అనురాగము, శుచిత్వము. వైద్యునకు శాస్త్రజ్ఞానముతో పాటు పలుమారులు కన్నులార చూచి చేసిన అనుభవము. ఇక జ్ఞాపకశక్తి ఎవరికి చెప్పబడినదో చూడుడు: రోగికి! తనకేమి జరిగినదో గుర్తుంచుకొనుటయు, తన బాధను తెలియజెప్పగలుగుటయు రోగి గుణములలో చేరినవి. పరిచారకునకు కావలసినది తెలివియు, చేతి నేర్పును, ప్రేమయు, శుభ్రతయు. ఆ తెలివి తలలోనే యుండవలెనని ఆ పట్టికలో ఎచ్చటను లేదు.

పురోహితుడు ముహూర్తము పెట్టునపుడు పంచాంగము తెరచును. తిథి నక్షత్రములను వ్రేళ్ళమీద లెక్కించి చెప్పగల పండితుడైనను పెండ్లి మాట వచ్చునప్పటికి పంచాంగము చూడక చెప్పడు. చెప్పెనా, పిల్లతండ్రియే “అయ్యా, ఒక్కమారు పంచాంగము చూడుడు” అని కోరును. కంసాలి ఎంత అనుభవశాలియైనను బంగారమును కంటితో తూచి ధర కట్టిన మనము ఒప్పుకొనము. త్రాసు పెట్టుట ఆతని అజ్ఞానమని ఎవ్వరును అనరు. పెండ్లి ముహూర్తమునకు, నాలుగు తులముల గొలుసునకు మనము కోరు జాగ్రత్తను, బిడ్డకు వేయు మందు విషయమున నర్సమ్మ చూపినపుడు మాత్రము “ఈమెకు ఏమియు రాదు” అనుట ఏమి న్యాయము? ఇందులో మరియొక చిక్కు కూడ కలదని మా అనుమానము. పురోహితుడు పెద్దవాడు, మగవాడు. నర్సమ్మ పాతికేండ్ల పిల్ల. పైగా పంచాంగము పంచాంగమునకు తప్ప మరి దేనికిని పనికిరాదు. ఫోనన్ననో, అందులో సినిమా కలదు, పేకాట కలదు, అత్తవారింటి కబుర్లు కలవు. ఆ పిల్ల దేనిని చూచుచున్నదో మన అత్తగార్లకు ఎట్లు తెలియును? “పెద్దమ్మా, మీ మనుమని బరువునకు ఎంత మందు పడునో ఇందులో చూచుచున్నాను” అని ఆమె పలకను ఇటు త్రిప్పి చూపినచో ఆ సందేహములో చాల భాగము అక్కడనే తీరును. ఈ మర్యాద నర్సులకు శిక్షణలో నేర్పవలసినది.

ఆమె తెలిసికొని యుండవలసినది ఎంతయో పెద్దమ్మలు కూడ ఆలోచింపవలెను. మైదానములలో సుమారు 5,000 మందికి, కొండ ప్రాంతములలో సుమారు 3,000 మందికి ఒక ఉపకేంద్రము చొప్పున ఉండవలెనని ప్రభుత్వపు లెక్క. అందలి నర్సు గర్భిణులను చూడవలెను, బాలింతలను చూడవలెను, టీకాలు వేయవలెను, జ్వరములను, క్షయను, మధుమేహమును కనిపెట్టవలెను. దగ్గుతో వచ్చిన బిడ్డ ఊపిరి లెక్కింపవలెను: రెండు నెలలు నిండని బిడ్డకు నిమిషమునకు 60, రెండు నెలలనుండి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాదినుండి ఐదేండ్ల లోపు బిడ్డకు 40, అంతైనను, అంతకు మించినను అది వేగపు శ్వాస, ఉపేక్షింపరానిది. నీళ్ళ విరేచనములకు ఓ.ఆర్.ఎస్.తో పాటు జింకు ఇవ్వవలెను: ఆరు నెలల లోపు బిడ్డకు దినమునకు 10 మిల్లీగ్రాములు, ఆపైవారికి 20, పదునాలుగు దినములు. ఇవి నిత్యము వచ్చు పనులు. ఏడాది తిరుగునప్పటికి నోటికి రాకపోవు. వీనిని కూడ ప్రతిమారు పలకలో వెదకు నర్సు ఇంకను నేర్చుకొనవలసి యున్నదని పెద్దమ్మలతో పాటు మేమును అందుము.

అరుదుగా వచ్చు ఆపద సంగతి వేరు. గర్భిణికి రక్తపోటు పెరిగి మూర్ఛలు వచ్చుటను మన పెద్దలు గుర్రపు వాతమందురు. అట్టి తల్లిని పెద్దాసుపత్రికి పంపుటకు ముందు మెగ్నీషియం సల్ఫేటు మొదటి మోతాదును పల్లె నర్సే వేయవచ్చునని మన ప్రభుత్వ మార్గదర్శకములు అనుమతించినవి. ఒక్కొక్క పిరుదు కండరమున ఐదేసి గ్రాములు, మొత్తము పది గ్రాములు. ఈ అవసరము ఒక నర్సునకు ఏండ్ల తరబడి రాకనే పోవచ్చును. వచ్చిననాడు అది అర్ధరాత్రి యగును. తల్లి పండ్లు గిట్ట కరచియుండును. చుట్టములు తలుపు దగ్గర ఏడ్చుచుందురు. ఎప్పుడో శిక్షణ తరగతిలో విన్న అంకె ఆ గడియలో తప్పక గుర్తు వచ్చునని నమ్ముకొని సూది నింపుట ధైర్యము కాదు. పాముకాటు సంగతి మరియు విచిత్రము. బిడ్డ ఒళ్ళు చిన్నది గనుక విరుగుడు మందు కూడ తక్కువ వేయవలెనని ఎవరికైనను తోచును. కాని పాము బిడ్డయని చూచి తక్కువ విషము విడువదు. విరుగుడు ఎక్కిన విషమునకు గాని ఒంటి బరువునకు కాదు. అందుచేత పిల్లలకును పెద్దలకును మోతాదు ఒకటియే. కాటునకు పైన బిగించి త్రాడు కట్టుట కూడ కూడదు. మనకు సహజముగా తోచినదే ఇక్కడ తప్పు. మరచిపోయిన వాడు కనీసము ఎవరినైన అడుగును; తప్పును గట్టిగా జ్ఞాపకముంచుకొన్నవాడు అడుగనైన అడుగడు. చేతిలో గ్రంథముండగా దానిని తెరువకుండుట, అది రోగి ప్రాణముతో గర్వము నెరపుటయే.

ఇంతవరకు మేము యువకుల పక్షమే మాటాడినట్లున్నది. ఇక వారితో మాకున్న పేచీ.

2010లో కర్ణాటక రాష్ట్రమునందలి ఒక తాలూకా స్థాయి ప్రసూతి కేంద్రమున ప్రపంచ ఆరోగ్య సంస్థవారి సురక్షిత ప్రసవ పట్టికను వాడి చూచిరి. అది యంత్రము కాదు, కాగితము. కాన్పు వేళ తప్పక చేయవలసిన పనులు 29 లెక్కకు తీసికొనగా, అంతకుముందు సగటున 10 మాత్రమే జరుగుచుండెను. పట్టిక వచ్చిన పిమ్మట 25 జరిగినవి. చేతులు కడుగుకొనుటవంటి అందరెరిగిన పనులే ఒకరు గుర్తుచేయగా జరిగినవన్నమాట. ఈ ఫలితము చూచి ఎవరికి ఆశ కలుగదు? అదే పట్టికను ఉత్తరప్రదేశమున 120 ఆరోగ్య కేంద్రములలో, సగమింటికి ఇచ్చి సగమింటికి ఇవ్వక, లక్షన్నర పైచిలుకు తల్లుల విషయమున పరీక్షించిరి. ఫలితములు 2017లో వెలువడినవి. పట్టిక యిచ్చిన చోట్ల పనులు ఎక్కువ సక్రమముగా జరిగినమాట నిజమే. కాని తల్లుల, శిశువుల మరణములలో తేడా కానరాలేదు.

ఈ రెండవ ఫలితము మనలను చాలసేపు ఆలోచింపజేయవలసినది. మాకు తోచినంతవరకు, గుర్తుచేయుట వేరు, చేయగలుగుట వేరు. రక్తము కావలెనని పట్టిక చెప్పును. రక్తనిధి నలుబది మైళ్ళ దూరముననున్నచో పట్టిక ఏమి చేయును? ఊపిరి పీల్చని శిశువునకు గాలి అందింపవలెనని పలక బొమ్మలతో చూపును. ఆ చేతి వాటము బొమ్మవలన రాదు. ఇక్కడ పాలకులకు ఒక సులువైన దారి కలదు. అదియే మాకు భయము. ఒక నర్సును అదనముగా నియమించుటకంటె, ఒక వాహనము నిలుపుటకంటె, ఒక పలక కొని యిచ్చుట చౌక. ఇచ్చి, “అన్నియు అందులో ఉన్నవి, ఇంకేమి కావలెను?” అనవచ్చును. ఆనాడు పలక సహాయము కాక సాకుగా మారును.

మరియొకటి. ఈ పలకలు చాలవరకు నర్సునకు చెప్పుట కొరకు గాక నర్సును అడుగుట కొరకు వచ్చినవి. 2016లో ఆంధ్రప్రదేశమున నర్సుల చేతికి వచ్చిన అన్‌మోల్ ట్యాబుల ముఖ్యోద్దేశము రిజిస్టర్ల బరువు తగ్గించి వివరములు వెంటనే పైకి పంపుట. ఆ ఉద్దేశము మంచిదే. అయినను ఒకే పలక ఒక చేత చదువు చెప్పుచు రెండవ చేత లెక్కలడుగుచున్నపుడు లెక్కల చేయియే పొడవుగా పెరుగుట మనము ఏ కచేరీలోనైనను చూచెడిదే. పల్లె నర్సులు సాయంత్రము చీకటి పడువరకు గళ్ళు నింపుకొనుచు కూర్చుండుట ఎవరికి తెలియదు? రోగి యెదుట ఆమె తలవంచుకొని చేయుచున్నది మోతాదు వెదకుటయా, గళ్ళు నింపుటయా యని మన పెద్దమ్మలు అడిగినచో ఆ ప్రశ్న అంత అన్యాయమైనది కాదు.

చేతి పరికరము ఎట్లుండవలెనో చెప్పుటకు మేము గడ్చిరోలి జిల్లాకు పోవలెను. ఆ జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత గోదావరిలో కలియుచోట, మన తెలుగువారున్న సిరొంచ కలదు గనుక ఆ పేరు మనకు పరాయిది కాదు. డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు ఆ జిల్లాలో సెర్చ్ అను సంస్థను 1980 దశకము నడుమ స్థాపించి, అడవిపల్లెలలో పసిబిడ్డల మరణములను పరిశీలించుచు వచ్చిరి. న్యుమోనియాను పల్లెలోనే గుర్తింపవలెనన్న మంత్రసానులకు శ్వాస లెక్కించుట నేర్పవలెను. వారికి అరువది వరకు లెక్క రాదు. పది దాటి కొంచెము వచ్చును. గడియారము చూచుట అంతకన్న రాదు. “వీరు చదువురానివారు, వీరివలన కాదు” అని ఇంకొకరైనచో విడిచియుందురు. బంగ్ వారు ఒక చిన్న పరికరము చేయించిరి. ఒక్క నిమిషములో కారిపోవు ఇసుక గడియారము. దానితోపాటు రెండు వరుసల పూసలు. పది శ్వాసలకొక పూస జరుపవలెను. ఇసుక కారిపోవులోపల వరుసలోని ఎర్రపూసను జరుపవలసి వచ్చెనా, బిడ్డకు జబ్బు ఉన్నట్లే. రెండు నెలలు నిండని బిడ్డకొక వరుస, అంతకు పెద్దవారికొక వరుస. దీని వివరములు 1992లో వైద్యపత్రికలో ప్రకటింపబడినవి.

ఇది కూడ అరచేతి గ్రంథమే గదా! పైన మేము చెప్పిన అరువది, ఏబది అను అంకెలే పూసలై అందులో కూర్చున్నవి. చదువురాని మంత్రసాని మహాశాస్త్రజ్ఞుల సంఖ్యను వ్రేళ్ళతో చదువుచున్నది. కాని మమ్ములను ముగ్ధులను చేసినది అది కాదు. పూస జరుపవలెనన్న కండ్లు బిడ్డ పొట్టమీద నుండవలెను. ఎగసి పడునది చూడవలెను. ఇసుకను క్రీగంట చూచిన చాలును. పరికరము చేతిలో నున్నది, చూపు బిడ్డమీద నున్నది. అట్లు పది శ్వాసలు, మరి పది శ్వాసలు చూచుచున్నంతలో ఆ మంత్రసానికి బిడ్డ పెదవుల రంగు కనబడును, డొక్కలు ఎగురుట కనబడును, తల్లి ముఖము కనబడును. పలకలో ఇట్లు జరుగునా? వ్రేలు అద్దముమీద, చూపు అద్దముమీద. బిడ్డ ప్రక్కన ఏడ్చుచుండును. తగ్గని సగము బలమని మేమన్నది ఇదియే. ఎంత విద్యనైనను పుస్తకమున పెట్టవచ్చును, పలకలో పెట్టవచ్చును; చూచుటను మాత్రము పెట్టలేము. ఏ పరికరమైనను వాడినవారి చూపును రోగివైపు త్రిప్పుచున్నదా, తనవైపు లాగుకొనుచున్నదా అని ముందడుగవలెను. ఊపిరి లెక్కించుటకు నర్సు ఫోనును తాకిన ప్రతిమారు అది ఒక చప్పుడు చేయుచు తానే నిమిషము కొలుచునట్లు చేయవచ్చును. అప్పుడు ఆమె కండ్లు బిడ్డమీదనే నిలుచును. కనుక లోపము ఫోనుది కాదు; దానిని కల్పించువారు ఏ గదిలో కూర్చుండి కల్పించిరో దానిది.

ఆ సంస్థవారే 39 గ్రామములలో ఇంటికి పోయి నవజాత శిశువులను చూచు పల్లెస్త్రీలను తయారుచేసిరి. 1993-95 నాటికి వెయ్యి జననములకు 62గా నున్న నవజాత శిశుమరణములు 1997-98 నాటికి సుమారు 25కు దిగినట్లు 1999లో లాన్సెట్ పత్రికలో వెలువడినది. పూసలవలననే ఇది జరిగినదని ఎవరును అనరు. ఆ స్త్రీలు మరల మరల ఆ గడప త్రొక్కిరి, బిడ్డను వెచ్చగా చుట్టిరి, తూచిరి, అవసరమైన సూది వేసిరి. ఉత్తరప్రదేశపు పట్టిక ప్రక్కన ఈ గడప త్రొక్కుటను నిలిపి చూచినచో మన యువకులకు మేము చెప్పదలచినది తెలియును.

ఇక బాధ్యత మాట. పలక ఒకటి చెప్పును, నర్సు కంటికి మరియొకటి కనబడును. ఎవరి మాట నిలువవలెను? మాకు తోచిన న్యాయమిది. రెండింటిలో ఏది ఎక్కువ జాగ్రత్తను కోరుచున్నదో దానిని అనుసరింపవలెను. బిడ్డ బాగుగనే యున్నదని తనకు తోచినను పెద్దాసుపత్రికి పంపుమని గ్రంథము చెప్పుచున్నచో పంపవలెను; ఇంటనే ఉంచవచ్చునని గ్రంథము చెప్పినను బిడ్డ చూపులో ఏదో తేడా యున్నదని తనకు తోచినచో అప్పుడును పంపవలెను. ఇట్లనుట మాకు సులభమే. పంపబడునది కూలివాని బిడ్డ. ఆటోకు డబ్బు, రెండు దినముల కూలి, ఇంట మిగిలిన పిల్లల అన్నము అతని లెక్కలోనివి. అనవసరముగా పంపిన ప్రతిమారు ఆ కుటుంబము నష్టపోవును, మరుసటిమారు నర్సు మాట వినదు. కావున జాగ్రత్తకు కూడ వెల కలదు, ఆ వెలను పేదవాడు చెల్లించుచున్నాడు. అయినను ప్రాణమునకును కూలికిని నడుమ తూకము పెట్టవలసి వచ్చినపుడు మేము పైన చెప్పిన న్యాయమునే పట్టుకొందుము. ఆటో డబ్బు సంగతి సంఘములు, ప్రభుత్వములు చూచుకొనవలెను.

తప్పు జరిగిన పిమ్మట “ఫోను చెప్పినది, చేసితిని” అను మాట చెల్లదు. సూది పట్టినది ఫోను కాదు. కాని ఆ మాటతో నర్సునొక్కతెను నిలబెట్టి తక్కినవారు తప్పుకొనుటయు చెల్లదు. పలకలోని పాఠమును ఎవరో వ్రాసిరి. పాతబడిన మోతాదును మార్చవలసినవారెవరో మార్చలేదు. బరువు తూచు త్రాసు ఇవ్వవలసినవారు ఇవ్వలేదు. బిడ్డ బరువును కంటితో ఊహించి వేసినచో ఎంత చక్కని గ్రంథమైనను తప్పు మోతాదునే చెప్పును. విచారణ జరుగునపుడు వీరందరును ఆ నర్సు ప్రక్కన నిలువవలెను. ఇటీవల మరియొక వింత వచ్చినది. ఏ ప్రశ్న అడిగినను చక్కని వాక్యములలో జవాబు చెప్పు యంత్రములు ఫోనులలో వెలసినవి. వెనుకటి గ్రంథములో లేని సంగతి లేదని తెలియుచుండెను. పుట తిరుగవేసినను దొరకదు, అంతే. ఈ యంత్రము తెలియనిదానిని కూడ తెలిసినట్లే, అదే గొంతుతో చెప్పగలదు. ఇవి ఉపయోగపడవని మేమనము. కాని మోతాదు విషయమున, పెద్దలు పరిశీలించి ముద్ర వేసిన పట్టికనే నర్సు నమ్మవలెను గాని తీయగా మాటాడుదానిని కాదు.

చివరకు మన ఇంటి సంగతి. చరకుడు రోగికి చెప్పిన గుణములలో బాధను తెలియజెప్పగలుగుట ఒకటి యని పైన వ్రాసితిమి. మన అవ్వలకు ఆ గుణము లేదని కాదు. వినెడువారికి తెలుగు రాదు. నర్సునకు మరాఠీయో ఒడియాయో కన్నడమో తమిళమో వచ్చును. పలకలోని గ్రంథము ఆ భాషలోనో ఆంగ్లములోనో యుండును. 2021లో మహారాష్ట్రమున అంగన్‌వాడీ కార్యకర్తలు అనేకులు ప్రభుత్వమిచ్చిన ఫోన్లను తిరిగి యిచ్చివేసిరి. ఫోన్లు నాసిరకమనియు, పోషణ్ ట్రాకర్ మరాఠీలో లేదనియు వారి ఫిర్యాదులు. రాష్ట్రభాష మాటాడువారికే అట్లున్నపుడు, ఆ రాష్ట్రములో మూలనున్న తెలుగు ముసలమ్మ గతి ఏమి? ఆమె “డొక్కలెగరవేయుచున్నాడమ్మా” అనును. “గుర్రపు వాతము” అనును. ఏ పలకలో వెదకిన ఇవి దొరకును?

అప్పుడు ఇంటివారు చేయునది మనకందరకును తెలిసినదే. బడికి పోవు పదేండ్ల పిల్లవానిని పిలిచి దుబాసీగా నిలబెట్టుదురు. వానికి రాష్ట్రభాష వచ్చును గదా. తల్లికి ఎన్ని దినములనుండి రక్తస్రావమగుచున్నదో ఆ పసివాడు నర్సుతో చెప్పవలెను! తల్లి సిగ్గుపడి సగము మింగును. పిల్లవాడు అర్థము కాక మిగిలిన సగములో సగము మింగును. నర్సు ఆ మిగిలినదానిని పలకలో వెదకును. ఇందులో ఎవరి తప్పును లేదు, అయినను ఆ పిల్లవానిచేత ఆ మాటలు పలికించుట ధర్మము కాదని మా మనస్సు చెప్పుచున్నది. ఇట్టి చోట ఫోను మేలు చేయగలదు. బీహారులో 2012లో మొబైల్ కుంజీ అను పద్ధతి వచ్చినది. ఆశా కార్యకర్త బొమ్మల చీట్లను తల్లికి చూపుచు, చీటీమీది సంఖ్యను ఫోనులో నొక్కగా, ఒక వైద్యురాలి కంఠము తల్లికే వినబడునట్లు సలహా చెప్పును. అక్కడ పరికరము నర్సుకు రహస్యముగా కాక, ఇద్దరి నడుమ బహిరంగముగా మాటాడుచున్నది. ఆ కంఠము మన తెలుగులో, మన వాడుక మాటలలో వినబడినచో పదేండ్ల పిల్లవాడు వీధిలో ఆడుకొనుటకు పోవచ్చును.

అట్టి పరికరము ఎవరో చేసి యిచ్చువరకు కాచుకొని యుండనక్కరలేదు. మన సంఘములు నాటకములు వేయుచున్నవి, ఉగాది నాడు కవులను సన్మానించుచున్నవి, సంతోషమే. దానితోపాటు మన ఊళ్ళ తెలుగులో శరీరమునకు, జబ్బునకు, నొప్పికి గల మాటలను ఏరి, ఎదుట రాష్ట్రభాషలోని మాటను చేర్చి ఒక చిన్న పట్టిక చేయవచ్చును. హోసూరు మాట వేరు, బరంపురపు మాట వేరు, షోలాపురపు మాట వేరు గనుక ఎక్కడి పట్టిక అక్కడనే కావలెను. రాజధానిలో అచ్చైన నిఘంటువు దీనికి చాలదు. పదవీవిరమణ చేసిన మన నర్సమ్మలే దీనికి తగిన పండితులు. ఒక వైద్యునిచేత సరిచూపించి ఆ ఊరి ఉపకేంద్రపు నర్సు ఫోనులో ఎక్కించినచో, సిగ్నలు లేని కొండవాడలో కూడ తెరచుకొనును. ముసలమ్మ ఒక మాట అనగా నర్సు దానిని అక్కడనే వెదకి, “ఇదియేనా, అవ్వా?” అని చూపవచ్చును.

ఈ సంవత్సరము నుండియే మొదలిడవచ్చును. ఒక్కొక్క ఇంటివారు పది మాటలు వ్రాసి తెచ్చిన చాలును. బాలింత మాటలను ఆడవారే ప్రత్యేకముగా కూర్చుండి వ్రాసికొనుట మంచిది. కడుపునొప్పికి మాత్రము నాలుగు పుటలు ముందుగనే ఖాళీగా విడువవలెనని మా మనవి. ఆ ఒక్కదానికే మన అవ్వల దగ్గర ఎన్ని మాటలున్నవో లెక్కింపబోయి మేము సగములో విరమించితిమి.